2015 చలికాలంలో మమ్మల్ని కాసినవాళ్లకు

మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేస్తే, మనవడి సంగతి అడిగాక రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నయ్యగారు ఎలా ఉన్నారే?" ఆ అన్నయ్యగారు మా బంధువు కాదు, మా ఊరాయన కాదు, అసలు తెలుగాయనే కాదు. బోస్టన్ పక్కన క్విన్సీలో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండే ఐరిష్ పెద్దాయన. మేం ఆయన్ని ఇక్కడి పద్ధతిలో పేరు పెట్టే పిలుస్తాం. అమ్మ మాత్రం వచ్చిన మూడో రోజు నుంచీ అన్నయ్యగారు అనే అంటుంది, ఆయనా ఆ పిలుపుకు పలకడం నేర్చుకున్నారు.

ఆయనకు ఎనభై నిండాయి. పోయిన అక్టోబరులో న్యూ హాంప్‌షైర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. సామాన్లు ఎక్కించడానికి వెళ్లిన రోజు ఆ చలికాలం మాట ఎత్తి, ఇన్నేళ్లలో మీకు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదని అనబోతే "అది ఎవరైనా చేసేదే" అని చెయ్యి ఊపేసి లోపలికి వెళ్లిపోయారు. అమ్మకు చెబితే కోపం వచ్చింది. "ఆయన వద్దంటే నువ్వు ఊరుకుంటావా? నలుగురికీ తెలిసేలా చెప్పు" అంది. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు, ఆయనకు అసలే ఇష్టం ఉండదు.

ఆ ఏడాది ఇక్కడ లేనివాళ్లకు, తర్వాత వచ్చిన పిల్లలకు, అసలు ఏం జరిగిందో కొంచెం చెప్పాలి. బోస్టన్‌లో మామూలుగా ఒక చలికాలం మొత్తానికి నలభై, యాభై అంగుళాల మధ్య స్నో పడుతుంది. 2014 డిసెంబరులో పడిందే లేదు, సంక్రాంతి రోజుల్లో కూడా పెద్దగా లేదు. ఈసారి తేలిగ్గా గడిచిపోయేట్టుంది, అమ్మ మంచిరోజుల్లోనే వచ్చింది అనుకున్నాం. జనవరి 26, 27 తేదీల్లో మొదలైంది. ఒక్క ఆ తుఫానులోనే బోస్టన్‌లో 24.6 అంగుళాలు. అది ఊడ్చి ఒళ్లు నొప్పులు తగ్గకముందే ఫిబ్రవరి 2న మళ్లీ అడుగుకు పైగా, ఫిబ్రవరి 7 నుంచి 10 దాకా ఆగకుండా ఇంకో రెండడుగులు, ఫిబ్రవరి 14, 15 తేదీల్లో గాలితో కలిసి మళ్లీ. జనవరి 24 నుంచి ముప్పై రోజుల్లో 94 అంగుళాలు దాటింది. ఒక్క ఫిబ్రవరిలోనే 64.8. ఈ ఊళ్లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఏ నెలలోనూ అంత పడలేదు.

చలి సంగతి వేరే. ఫిబ్రవరి నెల సగటు 19 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ ఏడు. 1934 ఫిబ్రవరి తర్వాత బోస్టన్ అంత చల్లటి ఫిబ్రవరి చూడలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. మామూలుగా ఒక స్నో పడ్డాక మధ్యలో రెండు రోజులు ఎండ కాసి కొంత కరిగి, తర్వాతి దానికి చోటు ఇస్తుంది. ఆ ఏడు కరగలేదు. పడింది పడినట్టే ఉండి, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. తీసిన మంచును ఎక్కడ వెయ్యాలో తెలియక ఇంటి ముందు గుట్టలు మనిషిని మించి పెరిగాయి, రెండు కార్లు పట్టే వీధులు ఒక కారు కూడా సరిగ్గా పట్టనంత సన్నగా అయ్యాయి. తర్వాత చదివితే కారణం అర్థమైంది. పడమటి వైపు కాలిఫోర్నియా మీద వేడిగాలి కదలకుండా కూర్చుంది, అక్కడేమో కరువు. దాన్ని చుట్టుకుని ఉత్తర ధ్రువం వైపు చలిగాలంతా మా మీదికి జారింది. అదే సమయంలో ఇక్కడి తీరం పక్కన అట్లాంటిక్ నీళ్లు ఎప్పుడూ ఉండేకన్నా వెచ్చగా ఉన్నాయి. చల్లగాలి వెచ్చటి సముద్రం మీద నుంచి తేమ తాగి తుఫానులుగా మా మీద పడింది, వారం వారం.

నాకు డెలివరీ డేటు ఫిబ్రవరి ఇరవై ఇచ్చారు. ఫిబ్రవరి 9, సోమవారం. ఇంకా పది రోజులుంది కదా, పొద్దున రైళ్లు నడుస్తున్నాయి కదా అని మావారు కేంబ్రిడ్జ్‌లో ఆఫీసుకి వెళ్లారు. సాయంత్రం అయిదింటికి నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజే గవర్నర్ ఛార్లీ బేకర్ రాష్ట్రమంతా ఎమర్జెన్సీ ప్రకటించారు. సాయంత్రం ఏడు తర్వాత రైళ్లు నడవవనీ, మర్నాడు పూర్తిగా బంద్ అనీ టీవీలో చెప్పారు. ఆయన అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో పది మైళ్ల స్నో. మా కారు ఎక్కడుందో గుట్ట ఆకారాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. డాక్టరుగారు ఫోన్‌లో, ఈ వాతావరణంలో ఆలస్యం చేయొద్దు, ఇప్పుడే బయల్దేరండి అన్నారు. మావారికి ఫోన్ చేసి "నువ్వు ఇంటికి రావద్దు, నేరుగా ఆస్పత్రికి నడిచి వెళ్లిపో" అన్నాను. ఆయన గడ్డకట్టిన ఛార్లెస్ నది మీద లాంగ్‌ఫెలో వంతెన దాటుకుంటూ నడిచి, మాకన్నా ముందే ఆస్పత్రికి చేరారు. అది ఆయన కథ, ఆయనే చెప్పుకోవాలి.

ఇటు అమ్మకు ఇంగ్లీషు రాదు. మెట్లు దిగి కింది వాటా తలుపు కొట్టి "అన్నయ్యగారూ, అమ్మాయి, నొప్పులు" అని పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది. అంతే. ఆయన కోటు వేసుకుని పార పట్టుకుని బయటికి వచ్చేశారు. ఆయన దగ్గర పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండేది. దాన్ని తవ్వి తీయడానికి అరగంట పట్టింది, పక్కింటి చైనా కుటుంబంలో కొడుకు కూడా పార తెచ్చుకుని కలిశాడు. బండి బయటపడింది కానీ వీధి లేదు. రోడ్డు మీది మంచు తోసే ప్లౌ పొద్దున ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్లింది, మళ్లీ అడుగు మందాన పడిపోయింది. అప్పుడు ఆయన నడుచుకుంటూ హాంకాక్ స్ట్రీట్ దాకా వెళ్లారు. అక్కడ మూల మీద దుకాణాల పార్కింగ్ శుభ్రం చేస్తున్న ఒక ఎర్ర పికప్ ట్రక్కును ఆపారు, ముందు పసుపు రంగు ప్లౌ బిగించి ఉన్నది. ఏం మాట్లాడారో తెలియదు, రెండు నిమిషాలట. ఆ మనిషి చేస్తున్న పని సగంలో వదిలేసి మా వీధిలోకి వచ్చి, మా గుమ్మం దాకా రెండుసార్లు అటూ ఇటూ తోశాడు. తర్వాత వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు. లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉండగా మా ముందు నడిచాడు. హాంకాక్ స్ట్రీట్ పొడుగునా, నెపాన్‌సెట్ వంతెన దాకా, ఆయన తోసిన దారిలో మేం వెనక. వెనక సీట్లో అమ్మ నా చెయ్యి రుద్దుతూ ఆంజనేయ దండకం చదువుతూనే ఉంది, అద్దం బయట తెల్లగా తప్ప ఏమీ కనపడటం లేదు, ముందు ఆ ట్రక్కు ఎర్ర లైట్లు మాత్రం కనపడుతున్నాయి. వంతెన దగ్గర పక్కకు తీసి, ఒకసారి హారన్ కొట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అంతకు ముందు పెద్దాయన డబ్బులివ్వబోతే అద్దం పైకెత్తేశాడట. ముఖం నేను చూడలేదు.

మామూలు రోజుల్లో ఇరవై నిమిషాల దారికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఫిబ్రవరి 10 తెల్లవారుజామున బాబు పుట్టాడు. కిందికి చూస్తే రోడ్డు మీద ఒక్క బండి లేదు. పెద్దాయన ఆ రాత్రంతా ఆస్పత్రిలోనే కుర్చీలో కూర్చుని ఉన్నారని, బాబు ఏడుపు విన్నాక గానీ ఇంటికి బయల్దేరలేదని తర్వాత మావారు చెప్పారు.

మూడో రోజు ఇంటికి వచ్చేసరికి మా ఇంటి ముందు సరిగ్గా ఒక కారు పట్టేంత చోటు శుభ్రంగా తవ్వి, అందులో మడత కుర్చీ ఒకటి పెట్టి ఉంది. ఇక్కడ అది పాత ఆనవాయితీ, తవ్వినవాడిదే ఆ చోటు అని కుర్చీ పెడతారు. బోస్టన్‌లో అయితే స్నో ఎమర్జెన్సీ ముగిశాక 48 గంటల దాకా ఒప్పుకుంటారు. ఆ కుర్చీ ఆయనది, చోటు మాది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికి మేం ఆయనకు రుణపడి ఉన్నామని మాకు రోజుల తరబడి తెలియనే తెలియదు. మా ఇంటికి వేడి గ్యాస్ బాయిలర్ నుంచి వస్తుంది. దాని పొగగొట్టం చాలా ఇళ్లల్లో ఉన్నట్టు పైకప్పు మీదికి కాకుండా పక్క గోడలోంచి, నేలకు రెండడుగుల ఎత్తులో బయటికి వస్తుంది. గాలికి కొట్టుకొచ్చిన స్నో ఆ గొట్టాన్ని మూసేస్తే లోపలి పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ చలికాలమంతా ఫైర్ డిపార్ట్‌మెంట్లు గొట్టాల దగ్గర శుభ్రం చేసుకోండి, చేసుకోండి అని చెబుతూనే ఉన్నాయి. మాకు ఆ గొట్టం ఒకటి ఉందనే తెలియదు. పచ్చి బాలింత, పసిగుడ్డు, ఊరు కొత్త అయిన ముసలావిడ, నిద్ర లేని మగమనిషి, ఎవరికి తడుతుంది?

ఫిబ్రవరి 14 రాత్రి, మళ్లీ తుఫాను. బాబు పాలకు లేచినప్పుడు అమ్మ కిటికీలోంచి చూస్తే పక్క సందులో టార్చిలైటు కదులుతోంది. మొదట భయపడింది. తర్వాత చూస్తే అన్నయ్యగారు, నడుం లోతు మంచులో నిలబడి గోడ పక్కన పారతో తవ్వుతున్నారు. రెండు గంటలప్పుడు చూసింది, మళ్లీ అయిదు గంటలప్పుడు చూసింది. మర్నాడు మావారు వెళ్లి అడిగితే అప్పుడు చెప్పారు. తుఫాను ఉన్న ప్రతి రాత్రీ మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని లేస్తున్నారట, జనవరి నుంచీ. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. "మీకు పసివాడున్నాడు, మీరు పడుకోండి" అన్నారట. ఆ తర్వాత నుంచి మావారు కూడా లేచేవారు, ఇద్దరూ వంతులు వేసుకున్నారు. అమ్మ మాత్రం ఏ రాత్రి స్నో పడినా ఫ్లాస్కు నిండా అల్లం టీ పెట్టి మెట్ల మీద ఉంచేది, పొద్దునకు ఆ ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉండేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తోంది. మేం వెచ్చగా దుప్పట్లో ఉండి, కిందాయనకు థాంక్స్ కూడా చెప్పని రాత్రులు ఎన్నో లెక్క లేదు.

పక్కింటి చైనా బామ్మగారి గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. ఆవిడకూ ఇంగ్లీషు రాదు, అమ్మకూ రాదు. కానీ బాలింత విషయంలో ఇద్దరిదీ ఒకటే పాఠం. చల్లనీళ్లు ముట్టుకోకూడదు, చెవుల్లోకి గాలి పోకూడదు, నెల దాకా గడప దాటకూడదు, అల్లం తినాలి. ఇక్కడ నర్సులు మర్నాడే ఐస్ వేసిన నీళ్లిస్తే అమ్మ తల్లడిల్లిపోయింది, ఈ దేశంలో ఎవరికీ ఏమీ తెలియదనుకుంది. ఆ బామ్మగారు అల్లం వేసి ఉడికించిన గుడ్ల కూర తెచ్చి, నా తలకు ఉన్ని టోపీ లేదని తన టోపీ తీసి పెట్టి వెళ్లిన రోజున అమ్మ ముఖం చూడాలి. బదులుగా శొంఠి పొడి, వెల్లుల్లి కారం సీసాలో వేసి పంపింది. నేను గడప దాటని ఆ నెలంతా గోడ మీదుగా గిన్నెలు నడిచాయి. మా వీధిలో కొట్టు దాకా నడవడానికి దారి లేని రోజుల్లో పాలు, బియ్యం, డైపర్లు ఆ ఇంటి కొడుకే స్లెడ్డు మీద లాక్కొచ్చి ఇచ్చాడు. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది, ఈ పోస్ట్ వాళ్లకు ఇంగ్లీషులో చెప్పి వినిపిస్తాను.

ఫిబ్రవరి మూడో వారంలో పైకప్పు కారడం మొదలైంది. ఇంట్లో వేడికి పైకప్పు మీది మంచు అడుగున కరిగి నీరవుతుంది, ఆ నీరు చూరు దగ్గరికి జారి అక్కడ చలికి మళ్లీ గడ్డకట్టి గట్టులా తయారవుతుంది. వెనక వచ్చే నీళ్లకు దారి లేక పెంకుల కిందికి దూరి ఇంట్లో పడతాయి. మాకు సరిగ్గా ఉయ్యాల వేసిన గదిలో పడ్డాయి. ఆ వారం ఊళ్లో రూఫింగ్ వాళ్లెవరూ దొరకలేదు, ప్రతి ఇంటికీ అదే బాధ. మావారు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టారు. గంటన్నరలో ఎంఎస్ చదువుకుంటున్న నలుగురు అబ్బాయిలు వచ్చారు. ఇద్దరిది వరంగల్, ఒకరిది అనంతపురం, ఒకరిది భీమవరం. ఆ ఏడే దేశం దిగిన పిల్లలు, వాళ్లూ అంత మంచు చూడటం అదే మొదటిసారి. ఒకబ్బాయి కాళ్లకు బూట్లు కూడా సరైనవి లేవు, మామూలు స్పోర్ట్స్ షూస్ మీద ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని వచ్చాడు. పెద్దాయన కింద నిలబడి చెబుతుంటే పొడుగు కర్ర తగిలించిన రేకుతో చూరు మీది మంచు లాగారు. పాత మేజోళ్లలో కాల్షియం క్లోరైడ్ నింపి, ఆ మంచుగట్టుకు అడ్డంగా పరిచారు. అది కరిగిన చోట నీళ్లకు దారి పడి బయటికి పోతాయి. చీకటి పడేసరికి కారడం ఆగింది. వాళ్ల వేళ్లు ఎర్రగా కందిపోయాయి. అమ్మ వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి పెడితే ఆ పిల్లలు తిన్న తీరు ఇప్పటికీ చెబుతుంది. వెళ్తూ వెళ్తూ ఆ అనంతపురం అబ్బాయి "అమ్మా, మళ్లీ ఎప్పుడైనా పని ఉంటే పిలవండి" అన్నాడు. నాయనా, మీరు నలుగురూ ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు, ఇద్దరికి పిల్లలు కూడా. ఇది చదివితే మా ఇంటికి రండి. పని కోసం కాదు.

మార్చి 2న ఇరవై ఒకటో రోజు బాబుకు బారసాల చేశాం. రాగలిగిన వాళ్లే వచ్చారు, పది మందిమి. బియ్యంలో పేరు రాసేటప్పుడు మేనమామ స్థానంలో అన్నయ్యగారు కూర్చోవాలని అమ్మ పట్టుబట్టింది, తనకు అన్నయ్య అయితే ఆయన నాకే మేనమామ అవుతారని, వరస కుదరదని చెప్పినా వినలేదు. ఆ రోజే ఆయన 1978 సంగతి చెప్పారు. ఆ ఫిబ్రవరి 6, 7 తేదీల తుఫానులో బోస్టన్ చుట్టూ తిరిగే రూట్ 128 హైవే మీద మూడు వేలకు పైగా కార్లు ఉన్నవి ఉన్నట్టు మంచులో కూరుకుపోయాయి. అందులో ఒకటి ఆయనది. కారు వదిలేసి దీపం కనపడిన ఇంటి వైపు నడిచారట. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఏమీ అడక్కుండా లోపలికి పిలిచింది. ఆయనతో పాటు ఇంకో ఆరుగురిని, మూడు రాత్రులు పెట్టుకుంది. "అప్పుడు కుర్రాణ్ని, ఆవిడ పేరు కూడా సరిగ్గా అడగలేదు. ఎండాకాలం వెళ్లి వెతికితే ఆ ఇల్లు ఏదో గుర్తుపట్టలేకపోయాను, మంచు లేకపోతే వీధి మొత్తం వేరేలా ఉంది" అన్నారు. తర్వాత ఇంకేమీ అనలేదు, బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

రికార్డు మార్చి 15, ఆదివారం నాడు బద్దలైంది. 1995–96 చలికాలానిది 107.6 అంగుళాలు, ఆ సాయంత్రానికి లోగన్ ఎయిర్‌పోర్టు లెక్క 108.6కి చేరింది. చివరికి 110.6 దగ్గర ఆగింది, తొమ్మిదడుగుల పైచిలుకు. ఊళ్లో జనం సంబరపడ్డారు. ఇంత పడ్డాక రికార్డన్నా దక్కాలి కదా అని పెద్దాయన కూడా అన్నారు. మాకు బాబు ముప్పై నాలుగో రోజు అది.

జులైలో అమ్మ వీసా గడువు అయిపోయే ముందు ఆయనే మమ్మల్ని బోస్టన్‌లో సీపోర్ట్ అనే పేటకు తీసుకెళ్లారు. ఊళ్లో వీధుల నుంచి లారీలతో తెచ్చి పోసిన మంచు అక్కడ ఏడెనిమిది అంతస్తుల ఎత్తు కొండయింది, డెబ్బై అయిదు అడుగులని చెప్పారు. మేం చూసేసరికి నల్లటి చెత్తదిబ్బలా ఉంది, అడుగున ఇంకా ఐసు. ఎండ మండిపోతోంది, అమ్మ నమ్మలేక వంగి చేత్తో ముట్టుకుని చూసింది. జులై 14న అది పూర్తిగా కరిగిందని మేయర్ మార్టీ వాల్ష్ ప్రకటించారు. అదే వారంలో అమ్మ విమానం ఎక్కింది. ఆయన చెయ్యి పట్టుకుని తెలుగులో ఏదేదో చెప్పింది, ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నేను ఎవరికీ తర్జుమా చేయలేదు, అవసరం పడలేదు.

అన్నయ్యగారూ, మీకు మీ కూతురు ఇది చదివి వినిపిస్తారు. అమ్మ ఈ ఏడు కూడా సున్నుండలు పంపింది, వచ్చే శనివారం పట్టుకొస్తున్నాం. మీరు వద్దన్నా సరే, థాంక్స్. మీరు లేచిన ప్రతి రాత్రికీ.

ఇక ఒక్కరు మిగిలారు. ఆ ట్రక్కు మనిషి. క్విన్సీ, డోర్చెస్టర్, బ్రెయిన్‌ట్రీ వైపు ఉండే తెలుగువాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మీ ఇళ్లకు, షాపులకు, గుడికి స్నో తీయడానికి ఎవరో ఒకరు వస్తుంటారు. 2015 నాటికి ఎర్ర పికప్, పసుపు ప్లౌ. పోర్చుగీసు యాస ఉందని పెద్దాయన అన్నారు, బ్రెజిల్ కావచ్చు, కేప్ వెర్డీ కావచ్చు. ఫిబ్రవరి 9 రాత్రి ఏడున్నర ప్రాంతంలో హాంకాక్ స్ట్రీట్ నుంచి నెపాన్‌సెట్ వంతెన దాకా ఒక ముసలాయన బండికి దారి చేసినట్టు గుర్తుందా అని ఒక్కసారి అడగండి. గుర్తుందంటే నాకు చెప్పండి. ఆ వెనక బండిలో ఉన్నది మేమే అని, బాబు బాగున్నాడని ఆయనకు చెప్పాలి.